దర్జీ వదినకు పడనిది

వీధిలో అందరికీ ఆవిడ దర్జీ వదిన. బడిపిల్లల యూనిఫారాలు ఆవిడలా కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పెళ్ళయ్యాక దానికి తోడు దొరికింది, మొగుడి సిగరెట్టు.

ఆయన దుర్మార్గుడేం కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. కారు నడపడం నేర్పే మాస్టారు, నెమ్మదస్తుడు. ఆవిడకు ఆయాసమొస్తే ఒక చేత్తో సిగరెట్టు పట్టుకుని రెండో చేత్తో వీపు నిమిరేవాడు. "నీ కోసమే కదే ఫిల్టరు సిగరెట్లకు మారింది!" అని పదిమందిలో చెప్పుకునేవాడు. ఇంట్లో కాల్చొద్దని డాక్టరు అన్నాక మాత్రం గడప లోపల ఒక్క దమ్ము లాగలేదు. వరండాలో, ఆవిడ కుట్టుమిషను పక్కనున్న కిటికీ కింద నిలబడి లాగేవాడు. ఆ కిటికీలో ఫ్యాను లోపలికి తిప్పి పెట్టిందీ ఆయనే, భార్యకు బయటి మంచిగాలి తగలాలని.

ఆ మంచిగాలికి ఆవిడ కుట్టు మధ్యలో ఆపి మందు పీల్చుకునేది. కొత్త చొక్కాలు పొగ కంపు కొడుతున్నాయని పిల్లల తల్లులు ముక్కు మూసుకునేవారు.

"ఏవండీ, ఆ కాల్చేదేదో వీధి చివర కాల్చకూడదూ?" అని ఆవిడ బతిమాలితే, "గాల్లో కలిసిపోయే పొగకి అంత దూరం ఎందుకే!" అని నవ్వేసేవాడు.

ఒకసారి ఆవిడ ఒక్కతే తన అక్కగారింట్లో వారం రోజులుంటే ఒక్క పిల్లికూత లేదు, మందు పెట్టె తెరిచే పని పడలేదు. ఆయన తెగ సంబరపడి కారణం కనిపెట్టాడు: అక్కడి నీళ్ళు ఆవిడకు పడ్డాయి! మర్నాడే నీళ్ళ ఫిల్టరు తెచ్చి వంటింట్లో బిగించాడు. పెళ్ళామంటే ఎంత ప్రాణమో అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

నెల తిరక్కుండానే ఆయాసం ముదిరి ఆస్పత్రిలో పడింది. ముక్కు మీది మాస్కు తీశాక, కాపురానికొచ్చినప్పటి నుంచీ అనని మాట అంది.

"ఇక నావల్ల కాదండీ. ఆ ఇంట్లో సిగరెట్టన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి."

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆవిడ పిచ్చిది, ఆశపడింది కూడా.

"నీ ప్రాణం కంటే నాకేది ఎక్కువే?" అన్నాడు చివరికి. "నువ్వు మీ అక్క దగ్గరే ఉండు. మిషను నేనే తెచ్చి దింపుతాను."