కార్బురేటర్‌లో మేపుల్ పాకం

రొవీనా టాట్రో చెయ్యి పడితే ఏ ఇంజనూ మొరాయించదని అమెరికాలో మా వెర్మాంట్ కొండల్లో అందరికీ నమ్మకం. వయసంతా బడి బస్సు నడిపి, ఆ పని మానగానే ఇంటి పక్క షెడ్డులో దుకాణం తెరిచింది. పెట్రోలు రంపాలు, పడవ మోటార్లు, మంచు తోసే యంత్రాలు, ఏది చచ్చినా ఆమె దగ్గరికే మోసుకొస్తారు. భర్త పోయి చాలాకాలమైంది. చెల్లెలు బెర్నీస్ రోజూ వచ్చి, ఫోనెత్తే నెపంతో కుర్చీలో కూర్చుని ఊలు అల్లుతూ అక్కను ఆటపట్టిస్తుంటుంది.

అంతటి రొవీనా పరువు తీసింది వెండెల్ కార్లిస్ తెచ్చిన గడ్డి కోసే యంత్రం. వెండెల్ మేపుల్ చెట్ల ఆసామి, ఆ చెట్లు కార్చే తీపి నీటిని కాచి పాకం చేసి అమ్ముతాడు. భార్య పోయినవాడు, నోట్లోంచి మాట రావడమే గగనం. అతని యంత్రాన్ని ఎన్నిసార్లు బాగుచేసి పంపినా వారం తిరక్కుండా వెనక్కి వచ్చేది. కార్బురేటర్ విప్పితే, పెట్రోలు దూరే సన్నటి జెట్‌లో అదే గోధుమరంగు జిగురు. పాతబడ్డ పెట్రోలు అచ్చం అలాగే గడ్డకడుతుంది. రొవీనా తీగతో పొడిచి, స్ప్రే కొట్టి, తాజా పెట్రోలు పోసుకోమని అతనికి చీవాట్లు పెట్టేది. అతను టోపీ చేత్తో పట్టుకుని అన్నీ శ్రద్ధగా విని, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళేవాడు.

శనివారం పొద్దున్న మా ఊరంతా కిరాణా కొట్టు వరండాలో కాఫీకి చేరుతుంది. రొవీనాకు చెయ్యి పోయింది, మునుపటి పనితనం లేదన్న మాట అక్కడే పుట్టింది. గడ్డి ఏపుగా పెరిగే జూన్‌లో, వంచిన నడుం ఎత్తడానికి తీరిక ఉండని రోజుల్లో, ఆమె షెడ్డు బోసిపోయింది. యంత్రాలన్నీ పక్క ఊరికి తరలిపోయాయి. రొవీనాకు తిండి సయించలేదు.

"ఇంకొక్కసారి ఆ మాయదారి యంత్రం తిరిగొచ్చిందంటే దుకాణం బోర్డు పీకేస్తానే," అంది చెల్లెలితో.

"పీకు. దాని వెనకవైపు ఊలు అమ్మబడునని రాసుకుంటా," అంది బెర్నీస్.

ఆ ఉక్రోషంతోనే అల్ట్రాసోనిక్ క్లీనర్ తెప్పించింది. చూడ్డానికి రొట్టెల డబ్బాలా ఉండే స్టీలు తొట్టి. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు పోసి మీట నొక్కితే జుమ్మంటుంది. నీళ్ళు కంటికి కనపడకుండా వణికి, సూది దూరని సందులోని మురికిని కూడా బయటికి లాగుతాయి. పని చేస్తోందో లేదో చూద్దామని రొవీనా అల్యూమినియం రేకు ముక్క ముంచింది. తీసేసరికి ముక్క నిండా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి చెల్లెల్ని చూసి పడీపడీ నవ్వింది. ఇక ఆగలేదు. నట్లు, స్ప్రింగులు, తాళంచెవులు, చివరికి బెర్నీస్ పెళ్ళి ఉంగరం కూడా తొట్టిలోని తీగ బుట్టలో వేసింది. ఉంగరం నుంచి నల్లటి మబ్బు లేచింది.

"ఇన్నేళ్ళ కాపురం మురికేనా అదంతా?" అంది రొవీనా.

"సగం మా ఆయనది," అంది బెర్నీస్.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతుండగానే వెండెల్ తన యంత్రాన్ని దించి, "మళ్ళీ ఆగిందండీ," అని గొణిగి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. రొవీనా నవ్వు ఆరిపోయింది. కార్బురేటర్ విప్పి, పెట్రోలు వంచేసి, రబ్బరు ముక్కలు తీసి పక్కన పెట్టి, మిగిలింది బుట్టలో పెట్టి మీట నొక్కింది. నీళ్ళలో గోధుమరంగు దారంలా సాగింది. ఆవిరి లేచింది.

"ఎవరే పాన్‌కేకులు వేస్తున్నారు, తీపి వాసనొస్తోంది?" అంది బెర్నీస్ అల్లిక ఆపి.

రొవీనా తొట్టి మీదికి వంగి వాసన చూసింది. పెట్రోలు జిగురైతే ఇలా నీళ్ళలో కరగదు. ఇది మేపుల్ పాకం. అందులోనూ పొగ వాసన. మా ఊళ్ళో ఎవరి పాకం ఎవరిదో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. ఇప్పటికీ కట్టెల పొయ్యి మీద కాచేది వెండెల్ ఒక్కడే.

ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు. తొట్టిని చూశాడు, వాసన పీల్చాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఏంటండీ ఇది?" అంది రొవీనా.

"మొదటి కాపు పాకమండీ. మంచిదే."

"ఎలాంటిదని అడిగానా? నా పేరు గంగలో కలుస్తోంటే మీకు ఆటగా ఉందా?"

వెండెల్ టోపీని చేతుల్లో నలిపేశాడు. "ఊళ్ళో వాళ్ళు అలా అంటున్నారని నాకు తెలీదండీ. నేను కాఫీకి వెళ్ళను. ఇక్కడే తాగుతాను కదా."

బెర్నీస్ ఊలు మొహానికి అడ్డం పెట్టుకుంది. రొవీనాకు కోపం నిజంగానే వచ్చింది, కానీ గుండెల్లో ఏదో గంతులేస్తుంటే ఆ కోపాన్ని నిలబెట్టుకోవడం చాలా కష్టమైంది.

"శనివారం వరండాలో నిలబడి ఇదంతా చెప్పండి. చెప్పకపోతే మళ్ళీ నా గడప తొక్కొద్దు."

శనివారం వెండెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పదిమందిలో నోరు విప్పి ఎరగనివాడు, వరండా మెట్టు మీద నిలబడ్డాడు. కప్పులన్నీ ఆగాయి.

"రొవీనా చెయ్యి పోలేదు," అన్నాడు. "ప్రతిసారీ బాగానే చేసి పంపింది. నేనే జెట్‌లో పాకం పూసి మళ్ళీ తెచ్చేవాణ్ణి."

"బంగారం లాంటి పాకం అందులో పూయడమేంటయ్యా?" అని ఎవరో అడిగారు.

వెండెల్ రొవీనా వైపు చూశాడు. "ఆవిడ దగ్గర కాసేపు కూర్చోడానికి ఇంకో దారి తెలీలేదు."

వరండా అంతా గొల్లున నవ్వింది. రొవీనా కప్పు పక్కన పెట్టి, అందరికీ వినపడేలా అంది:

"రేపు సాయంత్రం రండి. ఊరికే రండి."