పేరు రానివాళ్ల అక్క

సర్వే అక్క ఏ ఇంటికెళ్లినా గుమ్మం పక్కనే కూర్చుంటుంది. కళ్లద్దాలు తుడుచుకుని, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, ఎవరేం చెప్పినా ఒకేలా తలూపుతుంది. జవాబు వింటూ మొహం మార్చకూడదన్నది ఆమెకు నేర్పిన మొదటి పాఠం. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. "నీకు చెప్పేకంటే గోడకు చెప్పుకోవడం నయమమ్మా" అని కూతురు విసుక్కుంటుంది. పేదపిల్లలకు ప్రభుత్వం ఇప్పించే కంప్యూటర్ శిక్షణ పనికొస్తోందా లేదా తేల్చడం ఆమె ఆఫీసు పని. సీట్లు చాలక చీటీలు తీశారు. పేరు వచ్చినవాళ్లు ఎంత బాగుపడ్డారో తెలియాలంటే, రానివాళ్లు ఎలా ఉన్నారో చూడాలి. అక్క వంతుకు వచ్చినవి ఆ రానివాళ్ల ఇళ్లు. ఒక్కో ఇంటికీ కొన్ని నెలలకోసారి మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. వాళ్లకు సాయం చేయకూడదు, సలహా కూడా ఇవ్వకూడదు. ఇస్తే లెక్క చెడిపోతుంది.

ఈసారి వెళ్లేసరికి, చీటీలో పేరు రాని పిల్ల, కుట్టుమిషనామె కూతురు, ఎదురొచ్చి కుర్చీ వేసింది. తల నున్నగా దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ఉంది. "పోయినసారి తడబడ్డానక్కా, అందుకే సీటు రాలేదనుకుంటా. ఈసారి బాగా చెప్తాను" అంది.

సీటుకూ ఈ ప్రశ్నలకూ సంబంధం లేదని అక్క చెప్పింది. పిల్ల నవ్వింది. "మరి ఊరికే ఇన్నిసార్లు ఎవరొస్తారక్కా?"

"ఉద్యోగం వెతుకుతున్నావా?"

"లేదక్కా. బట్టల షాపువాళ్లు రమ్మన్నారు. మీరొస్తే సీటు వస్తుంది కదా అని ఆగాను."

అక్క ఒకేలా తలూపి, 'వెతకడం లేదు' అన్నచోట వేలు పెట్టింది. శిక్షణ లేనివాళ్లు వెనకబడ్డారని, అంటే శిక్షణ భేషుగ్గా ఉందని, ఆఫీసులో తేలుతుంది.

"బాగానే చెప్పానా అక్కా?" అంది పిల్ల, ఆమె మొహంలోకి చూస్తూ.