సెన్సార్ కంటే ముందు సబ్బునీళ్ళు

2011లో, సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు, నేను జగిత్యాలలో ఒక కార్ల షెడ్డుకు హెడ్ మిస్త్రీని. నా చేతి కింద ముగ్గురు పనిచేసేవారు. వారిలో ట్యూనింగ్ పని అంజయ్యది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అందుకని చుట్టూ తిప్పి రాయడం చేతకాదు.

ఆ ఏడే షెడ్డుకు వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ వచ్చింది. పొగ గొట్టానికి రంధ్రం చేసి, నట్టు వెల్డ్ చేసి, అందులో దాన్ని బిగిస్తాం. బండితో వచ్చే మామూలు సెన్సార్ ఇంధనం ఎక్కువో తక్కువో మాత్రమే చెబుతుంది. వైడ్‌బ్యాండ్ ఎంత ఎక్కువో, ఎంత తక్కువో అంకెల్లో చూపుతుంది. మీటరు మీద ఒకటి వస్తే గాలీ ఇంధనమూ సరిపోయినట్టు. ఒకటి దాటితే ఇంధనం తక్కువ, ఒకటి కిందికి దిగితే ఎక్కువ. గ్యాస్ కిట్ బండి అయితే గ్యాస్ పైపు మీది స్క్రూ తిప్పి ఆ అంకెను ఒకటికి తేవాలి.

మల్లేశం కోరుట్లలో కిరాయి వ్యాన్ నడిపేవాడు. ముందు సీటు కింద ఇంజన్ ఉండే రకం, గ్యాస్ మీద నడిచేది. అతని భార్య రాజవ్వ బీడీలు చుట్టేది. రెండు కిడ్నీలూ పోయి, వారానికి రెండుసార్లు కరీంనగర్‌లో డయాలసిస్. సమ్మెలో బస్సులు లేవు. ఆమె బతుకు ఆ వ్యాన్ మీదే ఉంది.

బండి గుంజడం లేదని మల్లేశం వస్తే, అంజయ్య సెన్సార్ పెట్టి చూశాడు. ఇంధనం బాగా తక్కువని చూపింది. గ్యాస్ పెరిగేలా స్క్రూ విప్పుతూ పోయి ఒకటికి తెచ్చాడు.

"సూడు బావా, ఒకటి అచ్చింది. ఇగ ఏనుగు లెక్క గుంజుతది" అన్నాడు.

"ఏనుగొద్దు తియ్. మా రాజవ్వను దవాఖానల దించితె సాలు" అన్నాడు మల్లేశం.

మెయిన్ రోడ్డు మీద రాస్తారోకోలు. అందుకని అతను మేడిపల్లి, బోయినపల్లి మీదుగా లోపలి దారుల్లో పోయేవాడు. అక్కడా టైర్లు కాలుతుండేవి. ఆ పొగకు భయపడి అద్దాలన్నీ మూసి కూర్చునేవారు. ఇద్దరికీ తలనొప్పి, వాంతులు. టైర్ల పొగే అనుకున్నారు. ఆ రోజుల్లో ఎవరికి తలనొచ్చినా అదే మాట.

ఒకరోజు మేడిపల్లి దగ్గర సమ్మెవాళ్ళు బండిని ఆపారు. ఆపినవారిలో మల్లేశం తమ్ముడు గంగాధర్ ఉన్నాడు. అతను వదినను చూసి, గుంపును ఒప్పించి దారి ఇప్పించేసరికి చాలాసేపు పట్టింది. సెల్ఫ్ సరిగా అందుకోదని మల్లేశం ఇంజన్ బంద్ చేయలేదు. అద్దాలూ తెరవలేదు. రాజవ్వ తల వాల్చి నిద్రపోయింది. బోయినపల్లి దాటాక పిలిస్తే పలకలేదు. జబ్బు ముదిరి ప్రాణం పోయిందని ఆసుపత్రిలో అన్నారు.

దినాలు అయినంక మల్లేశం మళ్ళీ బండి ఎక్కాడు. కొన్నాళ్ళకు షెడ్డుకు వచ్చాడు. తమ్ముడితో మాటలు బంద్ అట.

"వాడు అడ్డం కూసున్నడన్నా. సొంత వదినను సంపుకున్నడు" అన్నాడు. తలకాయ పగిలిపోతుందని కూడా అన్నాడు.

"గిప్పుడు టైర్లు ఏడ కాలుతున్నయ్‌రా?" అని అడిగాను. అప్పటికి సమ్మె అయిపోయింది.

ఇంజన్ చల్లారనిచ్చి, స్టార్ట్ చేయించి, సైలెన్సర్ మూతిని తడిగుడ్డతో అదిమిపట్టించాను. సీటు ఎత్తి జాయింట్ల మీద సబ్బునీళ్ళు పోశాను. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి జాయింటు దగ్గర నురుగు పొంగింది. సెన్సార్ పెట్టిన చోటు దాని తర్వాత ఉంది.

ఇంజన్ పొగ ఆగి ఆగి దెబ్బలుగా వస్తుంది; రెండు దెబ్బల మధ్య ఆ సందులోంచి బయటి గాలి గొట్టంలోకి పోయి సెన్సార్‌కు తగిలింది. అందుకే ఇంధనం తక్కువని చూపింది. తక్కువేమీ లేదు. అంజయ్య గ్యాస్ పెంచాడు. ఎక్కువైన గ్యాస్ సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అయింది. అదే సందులోంచి వెలికి వచ్చి, సీటు కింద మూత చుట్టూ చినిగిన రబ్బరు లోంచి మనుషుల మీదికి పోయింది. పెట్రోలు అయితే ఘాటు వాసన పట్టిచ్చేది. గ్యాస్ బండికి ఆ వాసన కూడా పెద్దగా ఉండదు.

అంజయ్య నన్ను పక్కకు పిలిచాడు. "చెప్పకన్నా. ఆమె ఎట్లయినా పొయ్యేదేనాయె."

"మరి తమ్ముడే సంపిండని ఉండనియ్యాల్నా?" అన్నాను.

మల్లేశానికి నురుగు చూపించి అంతా చెప్పాను. రాజవ్వ దీనితోనే పోయిందని నేను రుజువు చేయలేను. కానీ కిడ్నీలు పోయి ఒంట్లో రక్తం తగ్గిన మనిషికి ఈ విషం ముందు తగులుతుంది. అదీ చెప్పాను. అతను అంజయ్య దిక్కు తిరిగి, "ఒకటి అచ్చిందని నువ్వే సూపెడ్తివి గదా బావా" అన్నాడు. బండి అక్కడే వదిలి నడిచి పోయాడు.

తర్వాత గంగాధర్ వచ్చి, అన్నకు చెప్పింది నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. "అయినా గంతసేపు ఆపింది మేమే గదనే" అన్నాడు.

అంజయ్య సిరిసిల్ల పోయి మరమగ్గాల మోటార్లు బాగుచేసే పనిలో కుదిరాడు. మళ్ళీ కారు ముట్టలేదు.

సెన్సార్ పాడైనది కాదు. గొట్టంలో ఆక్సిజన్ ఎంత ఉందో ఉన్నదున్నట్టు చెప్పింది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం దాని పని కాదు, మిస్త్రీ పని. నేను రిటైరయ్యేదాకా మా షెడ్డులో ముందు సబ్బునీళ్ళు, తర్వాతే సెన్సార్.