క్యాసెట్టు కన్నంలో కాగితం

మా ఆవిడ మనసు దోచుకున్న మగవాణ్ణి వెతుక్కుంటూ నేను బహ్రెయిన్ దేశమంతా గాలించాను. దేశమంతా అంటే, పొద్దున వ్యాన్‌లో బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేయగలిగినంత దేశం అది. అందులోనూ నేను వెతికింది రెండు చోట్లే. సనాబిస్‌లో ఒక క్యాసెట్ల కొట్టు, బుసైతీన్‌లో ఒక ముసలాయన ఇల్లు. ఆ మగవాడు అప్పటికే కాలం చేసి ఉంటాడు కూడా. అయినా నా కడుపుమంట మాత్రం నిజం. దాన్ని ఒక్క చుక్క కూడా పెంచి చెప్పడం లేదు.

తొంభైల్లో మాట. నేను ఏసీ మెకానిక్‌ని. మా కంపెనీ క్యాంపు నువైద్రాత్‌లో ఉండేది. ఇంటికి ఫోను చెయ్యాలంటే బూత్ ముందు వరసలో నిలబడాలి, వెనకవాళ్ళందరూ మన సంసారం వింటూ ఉంటారు. పోనీ ఉత్తరం రాద్దామా అంటే మా ఆవిడకి కలం పట్టాలంటే బద్ధకం. నోటికి మాత్రం బద్ధకం లేదు. అందుకని మేం క్యాసెట్ల మీద మాట్లాడుకునేవాళ్ళం. ఒక పక్క నేను నింపి, సెలవు మీద మా వైపు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాణ్ణి. రెండో పక్క ఆవిడ నింపి, ఎండు రొయ్యల పొట్లంతో కలిపి తిరుగు మనిషి చేత పంపేది. అందుకే మా దాంపత్యానికి ఎప్పుడూ కాస్త రొయ్యల వాసన ఉండేది.

కొత్త క్యాసెట్లు ఎవరూ కొనేవాళ్ళం కాదు. ఏసీ పనికి వెళ్ళిన ఇళ్ళలో, దేశం విడిచి పోతున్న దొరలు వదిలేసిన పాటల క్యాసెట్లు దొరికేవి. అలాంటివాటికి వెనక అంచున రెండు చిన్న కన్నాలుంటాయి. కన్నం ఖాళీగా ఉంటే రికార్డు బటన్ దిగదు. కాగితం ముక్క ఉండచుట్టి కుక్కామా, యంత్రం మోసపోతుంది, బటన్ దిగుతుంది, పాత పాట చెరిగిపోయి మన మాట ఎక్కుతుంది. క్యాంపులో ప్రతివాడికీ వచ్చిన విద్య ఇది. క్రమంగా అదే మా ఇద్దరికీ సంకేతమైంది. కాగితం ఉంటే ‘దీని మీద మాట్లాడి పంపు’ అని, లేకపోతే ‘విని దాచుకో’ అని. ఇంటికి పోయే క్యాసెట్టు చేతిలోకి వస్తే చాలు, నా వేళ్ళు వాటంతటవే కాగితం చింపేవి.

మా ఆవిడ తన అరగంటని అంచుల దాకా నింపేది. కుళాయి దగ్గర తగాదా, పక్కింటివాళ్ళ మేక మా తువ్వాలు తినడం, మధ్యలో కుక్కర్ కూత, “ఆగండి, కట్టేసి వస్తా” అని లేచి వెళ్ళడం, వెళ్ళినంతసేపూ ఉత్త గది చప్పుడు. ఆ ఉత్త చప్పుడు కూడా నేను చెవి ఆనించి వినేవాణ్ణి. ఎక్కడో తలుపు కిర్రుమనేది. అది మా తలుపు. చివరికి మాట మధ్యలోనే టేపు అయిపోయి ‘టక్’ మనేది. ఆవిడ ఎప్పుడూ ‘ఉంటాను’ అని చెప్పి ఎరగదు.

అలాంటిది ఒకసారి, కాసేపు మాట్లాడాక ఉన్నట్టుండి ఇలా అంది:

“ఏవండీ, ఇంక ఆపేస్తున్నానండి. ఇక్కణ్ణించి ఒకాయన పాడతాడు. మాట్లాడే ముందు ఊరికే పెట్టి విన్నాను. ఏడుపో పాటో తెలీలేదు గానీ చెరపబుద్ధి కాలేదు. ఎవరండీ ఆయన? ఎవర్నలా పిలుస్తున్నాడు? ఇంటికి చేరాడో లేదో కాస్త కనుక్కుని చెప్పండి. ఉంటాను మరి.”

ఆ వెంటనే గిటారు, రైలు నడకలా ఒక తాళం, ముక్కుతో పాడే మగ గొంతు. పాట మొదటి ముక్క లేదు. దాని మీద మా ఆవిడ ‘ఉంటాను మరి’ కూర్చుంది.

నా పై మంచంలో ఉండేవాడు మా కంపెనీ వ్యాన్ డ్రైవరు. జగిత్యాల వైపు సాయిబుల అబ్బాయి. బహ్రెయిన్‌లో ఉండి కూడా దాన్ని దుబాయి అనే అనేవాడు. మంచం అంచు మీంచి తల కిందికి వేలాడేశాడు.

“ఏందే అన్నా, మొఖం గట్ల మాడ్చినవ్? ఇంట్ల అంత మంచిగనేనా?”

“మంచిగానే ఉన్నారు. మా ఆవిడ నా వాటా ఇంకోడికి ఇచ్చేసింది.”

“యా అల్లా! ఎవడే వాడు?”

పాట పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

“వీడా! వీడు గిటార్ పట్టుకోని ఏడుస్తుండు. వీనికి భయపడ్తవా? వీని దగ్గర వీసా ఉందా, టికెట్ ఉందా, మీ ఊరికి వోతడా?”

“నవ్వకు. ఈ పాట ఎవరిదో తేల్చి, మొత్తం పాట విడిగా పంపిస్తేగాని ఆవిడ దీన్ని కాపాడ్డం మానదు. నా అరగంట నాకు రాదు.”

“గదా సంగతి! మరి చలో, యల్లా.”

అప్పటికే నేను క్యాంపులో కోతలు కోసి ఉన్నాను. కాకినాడ రేవులో ఓడ కెప్టెన్లతో తిరిగినవాణ్ణనీ, ఇంగ్లీషు పాటలు నాకు పోపుల పెట్టెతో సమానమనీ. నిజానికి నేను రేవులో ఓడని గట్టు మీంచి చూశాను. ఈ పాటలో నాకు తెలిసిన మాటలు ‘ట్రైన్’, ‘హోమ్’. అంతకుమించి ఒక్కటీ లేదు.

శుక్రవారం సనాబిస్ వెళ్ళాం. కొట్టు మలయాళీ ఆయనది. గల్ఫ్‌లో అందరం మాట్లాడే హిందీలోనే మాట్లాడాడు. కౌంటర్ మీద వేలితో తాళం వేస్తూ విన్నాడు.

“ఇది కంట్రీ పాట భాయ్. అమెరికా పల్లెటూరి పాట. చాలామంది పాడారు. నీకెవరిది కావాలి?”

“రాసినవాడిది.”

“రాసినవాడు ఎవరిక్కావాలి?” అని నవ్వి, మళ్ళీ ఆలోచించి అన్నాడు: “ఒక్కాయనకి కావాలి. బుసైతీన్‌లో ఒక ముసలి బహ్రెయినీ ఉన్నాడు. చమురు కంపెనీలో అమెరికా వాళ్ళతో పనిచేశాడు. వాళ్ళు వదిలేసిన రికార్డులన్నీ ఆయన ఇంట్లోనే. కంట్రీ పాటలన్నా, అక్కడి నల్లవాళ్ళ బ్లూస్ పాటలన్నా పిచ్చి. కానీ ఎవర్నీ లోపలికి రానివ్వడు.”

“మరెలాగ?”

“ఏసీ మెకానిక్‌వి, నన్నడుగుతావేం? ఈ ఎండల్లో నీకు తెరవని తలుపుంటుందా?”

ఆ ముసలాయన నా పనితనం విని కబురు పెట్టాడని తర్వాత క్యాంపులో చెప్పుకున్నాను. జరిగింది వేరు. మా డ్రైవరు తలుపు కొట్టి, “ఏసీ సర్వీస్” అని గట్టిగా అరిచాడు. అదృష్టం కొద్దీ ఆయన ఏసీ నిజంగానే మూలుగుతోంది.

ఫిల్టర్ కడిగి, ఫ్యాన్‌కి నూనె పెట్టాను. గది నిండా, నేల నుంచి కప్పు దాకా రికార్డులు. పని అయ్యాక జేబులోంచి క్యాసెట్టు తీసి సంగతి చెప్పాను. ముసలాయనకి బొంబాయి వర్తకుల దగ్గర నేర్చిన హిందీ వచ్చు. క్యాసెట్టు పెట్టి వింటూ, మా ఆవిడ ‘ఉంటాను మరి’ దగ్గర వేలెత్తాడు.

“ఈ ఆడమనిషెవరు?”

“నా భార్య.”

“ఈమె గొంతు కింద మొదటి లైను ఉంది. ఇంక అది పైకి రాదు,” అన్నాడు, మునిగిపోయిన పడవ గురించి చెప్పినట్టు.

వెతక్కుండానే ఒక రికార్డు లాగాడు. అదే గొంతు, అదే పాట, మొదట్నుంచీ. పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేదే రాసినవాడి పేరని చూపించాడు. “అయితే వీడేనా?” అన్నాను. ఆయన ఇంకో రికార్డు పెట్టాడు. దానికంటే పాతది. నల్లజాతి మనిషి బొంగురు గొంతు, అదే పాట సగం వేగంతో. దాని మీద వేరే పేరు. తర్వాత అట్టలోంచి రెండు చేతులతో జాగ్రత్తగా తీసిన మూడోది. బరువుగా ఉంది, తిరుగుతుంటే నూనెలో వడియాలు వేగుతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనక ఒక ఆడమనిషి. మళ్ళీ అదే పాట. దాని మీద ఇంకో పేరు.

“ఈ ముగ్గురిలో ఎవరూ రాయలేదు,” అన్నాడు ముసలాయన. “రైలు పట్టాలు వేసే కూలీలు, సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య పాడుకునేవారని చెబుతారు. ఎవడు రికార్డు వేయించాడో వాడు తన పేరు పెట్టుకున్నాడు.”

మా డ్రైవరు తొడ చరుచుకున్నాడు. “అరే! అంటే మన వీసాలకు ఉన్నట్టు పాటకు సుత ఒక కఫీల్, ఒక యజమాని ఉంటడన్నట్టు! కష్టం ఒకనిది, కాయితం మీద పేరు ఇంకోనిది.”

హిందీలోకి మార్చి చెబితే ముసలాయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “మా నాన్న ముత్యాల వేటకి వెళ్ళే పడవ మీద పాటగాడు. తాళ్ళు లాగేవాళ్ళ కోసం పాడేవాడు. ఈ పాటలెవరు కట్టారు నాన్నా అంటే, ‘నాకు ముందువాడు’ అనేవాడు. ఆ ముందువాణ్ణి వెతుకుతూనే ఇవన్నీ పోగుచేశాను. ఒక్కడూ దొరకలేదు.”

అప్పుడు మా ఆవిడ ప్రశ్న అడిగాను. “ఇంతకీ వాడు ఇంటికి చేరాడా?”

“మొదటిదాంట్లో చేరాడు. గేటు దగ్గర ఆమె నిలబడి ఉంటుంది. రెండోదాంట్లో వాడి స్టేషన్‌లో రైలు ఆగదు. మూడోదాంట్లో పాడేది వాడు కాదు, ఎదురుచూసే మనిషి. రైలు కూత వినబడుతుంటుంది. ఆమె ‘పలుకు, పలుకు’ అంటుంది. అంతే.”

మూడూ ఒక క్యాసెట్టు మీదకి ఎక్కించి ఇమ్మన్నాను. ఆయన దగ్గర రికార్డర్‌కి కలిపే వైరు చెడిపోయింది కాబట్టి స్పీకరు ముందు మైకు పెట్టాలి. మైకు పెడితే ఏసీ చప్పుడు కూడా ఎక్కుతుంది. కాబట్టి ఆగస్టు ఎండలో, నేనే బాగుచేసిన ఏసీని నేనే కట్టేసి, ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. చెమటతో తివాచీ మీద మడుగు కట్టిందని చెప్పేవాణ్ణి. మడుగు కట్టలేదు. చొక్కా మాత్రం పిండుకున్నాం. అయ్యాక ముసలాయన చాకుమొనతో క్యాసెట్టు వెనక బిళ్ళలు రెండూ విరిచేసి, కన్నాలు చూపించాడు.

“ఖలాస్. ఇంక దీన్నెవరూ చెరపలేరు.”

మర్నాడే మా వైపు మనిషి ఒకడు సెలవు మీద వెళ్తున్నాడు. పొట్లం కట్టి ఇచ్చాను.

రొయ్యల పొట్లంతో జవాబు వచ్చేసరికి చలికాలం మొదలైంది. విప్పి చూస్తే అదే క్యాసెట్టు. వెనక్కి తిప్పాను. కన్నాల్లో కాగితం ముక్కలు. మా క్యాంపు గదిలో పరుచుకునే అరబ్బీ పేపరు ముక్కలు. అంటే కుక్కింది నేనే. పొట్లం కడుతూ కుక్కేసి ఉంటాను. నాకు జ్ఞాపకం కూడా లేదు. వేళ్ళ అలవాటు.

బటన్ నొక్కాను.

“ఏవండీ, కన్నాల్లో కాగితాలు పెట్టి పంపారుగా, అర్థమైంది లెండి. పాట గీట వద్దు, నువ్వే మాట్లాడమని. ముందొకసారి మొత్తం విన్నానండి. మొదటాయన హాయిగా ఇంటికెళ్ళిపోయాడు, గొంతులోనే తెలుస్తోంది. రెండో ఆయన వెళ్ళలేదు. మూడోది పాడింది ఆడమనిషి కదూ? అది విని పొయ్యి మీద పప్పు మాడబెట్టాను. భాష తెలీకపోతేనేం, ఆవిడ ఎవరి కోసం పాడుతోందో నాకు తెలీదా? ఇంక చాలు. చెరిపేస్తున్నాను. మేక సంగతి చెప్తా వినండి...”

రెండు పక్కలా, అంచుల దాకా నింపింది. మూడు పాటలూ పోయాయి. మా డ్రైవరు మంచం మీంచి తల వేలాడేసి, “అద్దగంట అడిగినవ్, గంట ఇచ్చింది. ఇంకేం గావాలె నీకు?” అన్నాడు. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. నవ్వానని చెప్పాను వాడికి.

మళ్ళీ బుసైతీన్ వెళ్ళినప్పుడు ముసలాయన అడిగాడు, విన్నదా అని. విన్నది, మూడోది విని పప్పు మాడబెట్టింది అన్నాను. ఆయన చాలాసేపు మూడో రికార్డు అట్టని నిమురుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు మా ఆవిడ పక్క గదిలోనే ఉంటుంది. మా మాటల్లో సగం మాత్రల గురించి, మిగతా సగం వాటిని ఎక్కడ పెట్టామో వెతకడం గురించి. అప్పుడప్పుడు పాత టూ-ఇన్-వన్ తీసి ఆ క్యాసెట్టు పెడతాను. “ఎందుకండీ ఆ పాత వాగుడు? నేనిక్కడే ఉన్నానుగా,” అంటుంది.

“నువ్వు కాదు, ఆవిడ కావాలి,” అంటాను.

ఆ రెండో పక్క చివర, కుక్కర్ కట్టేసి వచ్చి కూర్చుని, ఆయాసపడుతూ, ఆవిడ ఇలా అంటుంది: “అన్నట్టు మీరొచ్చేటప్పుడు మాత్రం...” టక్. టేపు అయిపోయింది.

ఆ తర్వాత మాట ‘మళ్ళీ వెళ్ళకండి’ అని చుట్టాలందరికీ చెప్పాను. ఒక పెళ్ళిలో చెబితే ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. కాదు, నిజానికి ఒక్కరే తుడుచుకున్నారు, ఆమెకి జలుబు కూడా ఉంది. మొన్న ధైర్యం చేసి మా ఆవిడనే అడిగాను, ఆ ‘మాత్రం’ తర్వాత ఏమన్నావని.

“ఏమోనండి, ఎవరికి గుర్తు? సబ్బులు తెమ్మని ఉంటాను,” అని లోపలికి వెళ్ళిపోయింది.

సబ్బులే అయ్యుంటాయి. తెచ్చాను కూడా, పెట్టె నిండా. అయినా ఆ ‘మాత్రం’ వచ్చేసరికి, ఇంక ఏమీ లేదని తెలిసి కూడా, నా చెయ్యి వెళ్ళి వాల్యూమ్ పెంచుతుంది.