ఫెలిస్మీనా ముక్కు తుడుచుకోని మధ్యాహ్నం

భూమ్మీద ఫుట్‌బాల్ పుట్టినప్పటి నుంచి అందరికంటే ఎక్కువమంది కోచ్‌లను ఇంటికి పంపిన మనిషి ఫెలిస్మీనా. మొత్తం తొమ్మిది మంది. లిస్బన్‌లో పెద్ద క్లబ్బుల అధ్యక్షులు లాయర్లను పెట్టుకుని, పత్రికల వాళ్లను పిలిపించుకుని, నెలల తరబడి గుంజాటన పడితే గాని ఒక కోచ్ కదలడు. ఈమె సీట్లోంచి లేవాల్సిన పని కూడా లేదు. కోటు జేబులోంచి తెల్ల రుమాలు తీసి తలపైకి ఎత్తితే చాలు, బుధవారానికల్లా ఆ మనిషి సామాను సర్దుకునేవాడు. బిషప్పును కూడా ఇలాగే పంపించగలనని ఒకసారి అంది గానీ, ఆయన మైదానానికి రాడు కాబట్టి బతికిపోయాడు.

రుమాలు అందరి దగ్గరా ఉంటుంది. కోచ్‌తో విసిగిపోయిన జనం తెల్ల రుమాలు ఊపి ‘ఇక దయచేయండి’ అని చెప్పడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. కానీ వీలా సల్గాదాలో, ఉనియావ్ క్లబ్బు తూర్పు స్టాండులో, ఫెలిస్మీనా ఎత్తకుండా ఎవరూ ఎత్తరు. ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు. నలభై ఒక్క ఏళ్లుగా ఆమె కూర్చునేది మూడో వరుసలోనే, సరిగ్గా కోచ్ బెంచీకి ఎదురుగా. ముప్పై ఎనిమిదేళ్లు డబ్బా చేపల కార్ఖానాలో సార్డీన్ తలలు తరిగింది. చేప కంట్లోకి చూసి అది ఏ రోజు పట్టిందో చెప్పేది. ఆటగాళ్లనూ అలాగే చూస్తుంది.

“గోల్‌కీపరు మంచివాడే. కాకపోతే ఇల్లు తగలబడుతుంటే అద్దంలో మీసం దువ్వుకునే రకం. ఎప్పుడూ ఆలస్యమే” అంటుంది. కొత్త ఫార్వర్డ్ ఎదెల్సన్ గురించి అడిగితే, “వాడికి కాళ్లు రెండూ ఉన్నాయి. ఆ సంగతి వాడికి చెప్పినవాళ్లు లేరు” అంటుంది. యాజమాన్యం గురించి మాత్రం మాటల్లో చెప్పదు. అటువైపు ఉమ్మేస్తుంది.

ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మందిని తలచుకుని ఫెలిస్మీనా హాయిగా నిద్రపోతుంది. తొమ్మిదోవాడు డెల్ఫీం. అతని దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తుంది.

ఆరేళ్ల కిందటి మాట. భర్త పోయి అప్పటికి మూడు వారాలు. ఆయన ఊరి బ్యాండులో అందరికంటే పెద్ద బూర ఊదేవాడు. ఆ ఆదివారం ఉనియావ్ రెండు గోల్స్‌తో ముందుంది. మ్యాచ్ మధ్యలో మైకు దగ్గరున్నవాడు ఏం బుద్ధి పుట్టిందో ఆ బ్యాండు పాత రికార్డు పెట్టాడు. బూర శబ్దం వినగానే ఫెలిస్మీనాకు కళ్లు నిండాయి. రుమాలు తీసింది. కళ్లదాకా ఎత్తింది, అంతే. వెనకున్నవాళ్లకు కనబడింది ఎత్తిన రుమాలే. క్షణంలో తూర్పు స్టాండంతా తెల్లబడిపోయింది. డెల్ఫీం స్కోరు పలక వంక చూశాడు, జనం వంక చూశాడు, మళ్లీ స్కోరు పలక వంక చూశాడు.

“గెలుస్తున్నప్పుడే ఇంతమంది లేచారంటే, మనకు తెలియంది వీళ్లకేదో తెలిసే ఉంటుంది” అని అప్పటి అధ్యక్షుడు మంగళవారం అతన్ని తీసేశాడు. ఫెలిస్మీనా వెళ్లి జరిగింది చెప్పింది. అధ్యక్షుడు నమ్మలేదు. డెల్ఫీం ఇంటికీ వెళ్లింది. అతను నవ్వి, తనే కాఫీ కాచి ఇచ్చాడు. అతని భార్య మాత్రం వంటింట్లోంచి బయటికి రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది. అప్పటి నుంచి ఫెలిస్మీనా మైదానంలో రుమాలు తియ్యలేదు.

ఇప్పుడు కోచ్ అమీల్కార్. పద్నాలుగేళ్లు ఇదే క్లబ్బులో ఎడమ బ్యాక్‌గా, గోలుకు ఎడమ పక్క కాపుగా ఆడినవాడు. ఆమె ఇంటి వెనక సందులో పుట్టి పెరిగాడు. వాడి బంతికి ఆమె కిటికీ అద్దాలు మూడు పగిలాయి. క్లబ్బు యజమాని ఇంజినీర్ తావోరా. ఎక్కడ ఏం కట్టాడో ఎవరూ చూడలేదు గానీ అందరూ ఇంజినీరనే పిలుస్తారు. మూడేళ్ల కిందట క్లబ్బు కొనేటప్పుడు సభ్యులందరి ముందు గుండెల మీద చెయ్యేసుకుని, “జనం అడిగితే తప్ప కోచ్ జోలికి వెళ్లను” అని మాటిచ్చాడు. ఎదెల్సన్‌ను తెచ్చింది ఆయనే. నాలుగు మ్యాచ్‌లు ఆడించి పెద్ద క్లబ్బుకు అమ్ముకుందామని ఆశ. అమీల్కార్ వాణ్ని అయిదు వారాలుగా బెంచీ మీద కూర్చోబెట్టాడు. బెంచీ మీదున్న సరుకును ఎవడు కొంటాడు? అందుకని ఇంజినీరుకు ఇప్పుడు జనం అడగాలి. జనం అడగాలంటే రుమాళ్లు లేవాలి. రుమాళ్లు లేవాలంటే ఫెలిస్మీనా ఎత్తాలి.

ఫిబ్రవరిలో ఆ ఆదివారం గేటు దగ్గర ఇద్దరమ్మాయిలు నిలబడి లోపలికి వచ్చేవాళ్లందరికీ తలా ఒక కొత్త రుమాలు పంచారు. తెల్లగా, మంచి నూలుది, మూలన క్లబ్బు ముద్ర.

“పుట్టినరోజు కానుక, ఇంజినీరు గారు ఇమ్మన్నారు” అంది ఒక పిల్ల.

“క్లబ్బు పుట్టింది సెప్టెంబర్లో కదే” అన్నాడు ఎర్మీనియో. అతను కార్ఖానాలో బాయిలర్ చూసేవాడు. ఫెలిస్మీనా భర్తకు నేస్తం. స్టాండులో ఆమెకు కుడి పక్కన అతని సీటు, ఎడమ పక్కన మనవరాలి సీటు. “చూశావా వదినా, నెలలు నిండకుండానే పండగ చేస్తున్నారు.”

ఫెలిస్మీనా పిల్ల చేతిని పక్కకు నెట్టి లోపలికి నడిచింది. తన రుమాలు కావాలనే ఇంట్లో వదిలేసి వచ్చింది. చెయ్యి తన మాట వినకపోతే జేబైనా ఖాళీగా ఉండాలని. అంత తెలివిగా ఆలోచించింది గానీ, మూడు రోజులుగా తనకు జలుబని మరిచిపోయింది.

పదో నిమిషానికి ముక్కు కారడం మొదలైంది.

ముందు గట్టిగా పీల్చింది. తర్వాత తల వెనక్కి వాల్చి ఆకాశం చూసింది. సముద్రం మీంచి గాలి, సూదుల్లా. రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చుంది. మనవరాలు పంది మాంసం రొట్టెకు చుట్టిచ్చిన కాగితం చింపి అందించబోయింది.

“తియ్యవే! అది తెల్లగా లేదూ?”

“కాగితం అమ్మమ్మా. నూనె మరకలు కూడా ఉన్నాయి.”

“నూనె మరకలు పదో వరుసలోకి కనిపిస్తాయా? డెల్ఫీం పెళ్లాం వంటింట్లో గిన్నెలు మోగించింది నువ్వు విన్నావా, నేను విన్నానా?”

మనవరాలు కాగితం నోట్లో కుక్కుకున్నంత పని చేసి జేబులో దాచేసింది.

ఇరవై మూడో నిమిషంలో అవతలివాళ్లు గోల్ కొట్టారు. గోల్‌కీపరు బయలుదేరేసరికి బంతి వల చేరిపోయింది. తూర్పు స్టాండు అరవలేదు. ఆరేడు వందల మంది ఒక్కసారిగా మూడో వరుస వంక చూశారు. ఫెలిస్మీనా కదల్లేదు. పై పెదవి మీదికి జారింది. నాలుకతో అందుకుంది. ఆ సంగతి రాయకూడదు గానీ, జరిగింది జరిగినట్టు రాయాలి.

సగం ఆట అయ్యాక నార్సీజో వచ్చి ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంజినీరు కారు నడిపేవాడు. నిగనిగలాడే ఆకుపచ్చ టై కట్టుకుని వచ్చాడు.

“అత్తా, ఆరోగ్యం బాలేనట్టుంది.”

“నీ కారు ఎక్కినప్పుడు చెబుతాలే.”

“ముక్కు తుడుచుకో అత్తా, పాపం. ఇదిగో, కొత్తది, ఇంకా మడత కూడా విప్పలేదు.”

“ఒరేయ్ నార్సీజో, మీ అమ్మ నిన్ను కన్నప్పుడు మంత్రసాని పక్కన నేనున్నాను. అప్పుడే అనుకున్నాను, వీడు ఎవడికో ఒకడికి తలుపు తీసి నిలబడతాడని.”

ఎర్మీనియో కిసుక్కున నవ్వాడు. నార్సీజో నవ్వలేదు, లేచి వెళ్లనూ లేదు. రుమాలు మడత విప్పి ఒళ్లో పరుచుకున్నాడు.

రెండో సగమంతా ఆట ఒకవైపు, అమీల్కార్ చూపు ఒకవైపు. బెంచీ ముందు నిలబడి మైదానాన్ని చూడాల్సిన మనిషి నిమిషానికోసారి స్టాండు వంక చూస్తున్నాడు. అరవై గజాల దూరం. అయినా వాడు చూసేది తన చేతుల్నేనని ఫెలిస్మీనాకు తెలుసు. “ఆట చూడరా వెధవా, నన్నేం చూస్తావ్” అని గొణిగింది. గొణిగితే ముక్కులోది ఇంకా కారింది.

డెబ్బయ్యో నిమిషంలో బంతి మన గోలు స్తంభానికి తగిలి మోగింది. స్టాండు చివర్లో కసాయి దుకాణం వాళ్ల చేతుల్లో రుమాళ్లు బయటికి వచ్చాయి. ఎత్తలేదు. మోకాళ్ల మీద పెట్టుకున్నారు. వరుస తర్వాత వరుసలో తెల్లటి గుడ్డలు మోకాళ్ల మీదికి వచ్చాయి. ఎదురుగా పెట్టెలాంటి గదిలో, అద్దం వెనక ఇంజినీరు లేచి నిలబడ్డాడు.

“వదినా, వీళ్లు నిన్నే చూస్తున్నారు” అన్నాడు ఎర్మీనియో.

“నాకు కళ్లున్నాయి.”

“ముక్కు కూడా ఉంది. అదే నా భయం.”

ఎనభై నాలుగో నిమిషంలో అమీల్కార్ ఎడమ బ్యాక్‌ను బయటికి పిలిచాడు. మైదానంలో సరిగ్గా పరిగెడుతున్నది వాడొక్కడే! ఫెలిస్మీనా ఒంట్లో రక్తం మరిగింది. తనకు తెలియకుండానే తొడ కింద నుంచి కుడిచెయ్యి బయటికొచ్చి కోటు జేబులో దూరింది. నలభై ఒక్క ఏళ్ల అలవాటు. ఆ ఒక్క క్షణం ఆమెకు ముక్కు తుడుచుకోవాలని లేదు, డెల్ఫీం గుర్తు లేడు, ఇంజినీరు గుర్తు లేడు. నిజంగానే ఎత్తాలనుంది. జేబులో ఇంటి తాళంచెవి, రెండు దగ్గు బిళ్లలు తగిలాయి. తాళంచెవిని గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

చెయ్యి జేబులోకి వెళ్లడం స్టాండంతా చూసింది. వెనక ఎవరో లేచిన చప్పుడు.

సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చింది. ఆగలేదు. టోపీ ఎగిరి ముందు వరుసలో పడింది. కళ్ల వెంట నీళ్లు, ముక్కు గడ్డందాకా. నార్సీజో వెనక నుంచి వంగి, విప్పిన రుమాలు ఆమె మొహం పక్కగా చాపాడు. “తీసుకో అత్తా, తీసుకో!” దూరంనుంచి చూసేవాళ్లకు ఆ రుమాలు ఎవరి చేతిలో ఉందో ఎలా తెలుస్తుంది? కసాయి దుకాణం వాళ్లు లేచారు. ఒక చెయ్యి భుజం దాకా లేచింది.

ఫెలిస్మీనా వెనక్కి తిరిగింది. రుమాలు వదిలేసి, దాని పైన వేలాడుతున్న ఆకుపచ్చ టైని ఒడిసి పట్టుకుంది. ఒక్క గుంజు గుంజింది. నార్సీజో మొహం ఆమె భుజం మీదికి వచ్చి పడింది. ఆ పట్టు టైలో ముక్కు చీదింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తన భర్త బూర ఊదినంత శబ్దం వచ్చింది. తర్వాత టై మడిచి, వాడి చొక్కా జేబులో పెట్టి, తట్టింది.

“ఇంజినీరు గారికి నా నమస్కారాలు చెప్పు.”

ఎర్మీనియో సీట్లోంచి జారి మెట్ల మీద కూర్చుండిపోయాడు, నవ్వు ఆపుకోలేక. నవ్వు మూడో వరుస నుంచి పైకి పాకింది. చివరి వరుసల వాళ్లకు ఏం జరిగిందో తెలియక ముందువాళ్లను అడిగి, తెలుసుకుని, ఆలస్యంగా నవ్వారు. లేచినవాళ్లు కాళ్లు తిమ్మిరెక్కినట్టు నటించి కూర్చున్నారు. భుజం దాకా లేచిన చెయ్యి తల గోక్కుంది. ఆట సున్నా-ఒకటితోనే ముగిసింది. ఒక్క రుమాలు కూడా లేవలేదు.

బుధవారం వానలో ఇంజినీర్ తావోరా క్లబ్బు మెట్ల మీద నిలబడి ఒక కాగితం చదివాడు. అమీల్కార్‌ను తొలగిస్తున్నట్టు. కింద గొడుగులేసుకుని నలభై మంది దాకా ఉన్నారు.

“జనం అడిగారా, ఇంజినీరు గారూ?” అన్నాడు ఎర్మీనియో.

ఇంజినీరు కాగితం రెండు మడతలు పెట్టాడు, మూడో మడత పడలేదు, తడిసిపోయింది. నలభై మందీ దారి ఇచ్చారు గానీ ఎవరూ టోపీ తియ్యలేదు. కారు దాకా ఒక్కడే నడిచాడు.

ఆ సాయంత్రం అమీల్కార్ ఫెలిస్మీనా ఇంటికొచ్చాడు. ఆమె సూపు గిన్నె ముందు పెట్టి, వాడు చెంచా ఎత్తకముందే మొదలుపెట్టింది.

“ఎడమ బ్యాక్‌ను ఎందుకు తీశావురా?”

“వాడి తొడ కండరం పట్టేసింది అత్తా.”

“పట్టేస్తే? కుంటుకుంటూ ఆడినా మిగతావాళ్లకంటే నయం. నువ్వు పద్నాలుగేళ్లు కుంటుతూనే ఆడావు.”

అమీల్కార్ నవ్వి సూపంతా తాగేశాడు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి ఏదో అనబోయాడు. “వాన పెరిగేలోపు పో” అని తలుపేసింది.

వాడు వెళ్లాక, ఇది రాస్తున్న మనవరాలు గిన్నె కడుగుతూ ఉండబట్టలేక అడిగేసింది: “వాడి ఉద్యోగం ఎలాగూ పోయింది కదా అమ్మమ్మా. మరి గంటన్నర సేపు ముక్కు కార్చుకుంటూ కూర్చుని నువ్వు సాధించిందేమిటి?”

“పోలేదే, తీశారు. ఎవడు తీశాడో ఊరంతా కళ్లారా చూసింది. రాస్తే అది రాయి, నా ముక్కు సంగతి రాశావంటే చేతులు విరగ్గొడతాను.”