బామ్మర్ది కాంటా మీద నా బాతులు

ముందుగాల్నే చెప్తున్న, గీ సంగతిల తప్పు నాది కాదు. ఆఖరుదాక విన్నంక మీరందరు కలిసి నా మీదికే నెడ్తరని నాకు తెలుసు. మా ఇంటిది ఇప్పటికే నెట్టింది. మొన్న దసరాకు ముందట, మా వాకిట్ల, అందరి కండ్ల ముంగట నా ఇజ్జత్ పాయె. చాయ్ పోసుకోండ్రి, మొదటి నుంచి చెప్త.

నేను ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల దిగి ఎక్కిన మనిషిని. రిటైరై మంచిర్యాలల ఇల్లు కట్టుకున్న. ఇగ జర కాళ్లు చాపుకొని కూసుందామంటె మా సరోజన ఊకోలే. పొద్దంత ఇంట్లనే ఉండి కూరల ఉప్పు ఎక్కువైందని, గ్యాస్ మంట పెద్దగ పెట్టినవని, బట్టలు గట్ల కాదు గిట్ల ఆరెయ్యాలని నేను వంకలు పెడ్తున్ననట. ఉన్నది చెప్పుడు వంకలు పెట్టుడు ఎట్లయితది? గంతకే ఆమె తమ్ముడు తిరుపతితోని మాట్లాడి, వాని స్టీలు సామాన్ల దుకాణంల నన్ను కౌంటర్ కాడ కూసోబెడ్తనన్నది. తిరుపతి అంటె ఎవడు? నా పెండ్లినాడు ముక్కు కారుకుంట నా చెప్పులు దాచిపెట్టిన పోరగాడు. గిప్పుడు వాడు సేటు, నేను వాని స్టూలు మీద కూసొని గంటెలు తుడవాలె. మీకైతె ఎట్లుంటది?

నాకు వేరే పనున్నదన్న. ఏం పని అన్నది. బాతులు పెంచుత అన్న. అంతకుముందు ఆ ఆలోచనే లేదు, నోటికి గదే వచ్చింది. చెన్నూరు దగ్గర పల్లెల మా అక్క బాతులు పెంచుతది, గందుకే యాదికొచ్చినట్టుంది. సరోజన నవ్వి, మందారం కొమ్మ నాటితే ఎండబెట్టినోనివి, బాతులు పెంచుతవా అన్నది. ఇగ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. దసరా దాక టైం ఇయ్యి, ఒక్కో బాతు కిలోన్నర తూగకపోతె పండుగ తెల్లారే పోయి నీ తమ్ముని దుకాణంల కూసుంట అన్న. కిలోన్నర అని ఎవలన్న అడిగిన్రా? అడగలే. నా నోరే గసొంటిది.

తెల్లారి అక్క ఇంటికి పోయిన. ఒక్క పూట ఆగు తమ్మీ, పొద్దుగాల గంపల కెళ్లి తాజా గుడ్లు తీసిస్త అన్నది. నాకు ఆగుడెక్కడిది? నీ బాతులు చెరువుల తిరగవా, గడ్డిల పెట్టవా, నేనే ఏరుకుంట పో అన్న. పోయిన. చెరువు పొంటి మోకాలెత్తు గడ్డి నడుమ ఎనిమిది గుడ్లు తెల్లగ, ముద్దుగ కూసున్నయ్. తువ్వాలల కట్టుకొని, అక్కకు ఫోన్ల దొరికినయ్ అని చెప్పి, బస్సెక్కి ఇంటికొచ్చిన. ఒళ్లె పెట్టుకొని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిన.

పక్కింటి సమ్మక్క కోడి పొదుగుడు మీదుంటె అడుక్కొచ్చిన. గంపల వరిగడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురుగొద్దని ఇనుప ముక్క, బొగ్గు ముక్క పెట్టుడు మా దిక్కు అలవాటు. మామూలోళ్లు ఒక్క ముక్క పెడ్తరు. బొగ్గు సంగతి నాకు చెప్పాల్నా? నేను దోసెడు పెట్టిన. నెలయిందో లేదో ఆరు పిల్లలు బయటికొచ్చినయ్. రెండు గుడ్లు ఒట్టిగ పోయినయ్. పిల్లలు పసుపుపచ్చగ లేవు. నల్లగ, నడుమ తెల్ల చారలతోని ఉన్నయ్. సరోజన వంగి చూసి, బొగ్గు ఎక్కువ పెట్టినవయ్యా, రంగు అంటింది అన్నది. నాకైతె మస్తు సంబురమైంది. నా పిల్లలు నల్లగ కాకపోతె ఎట్లుంటయ్ మరి.

గక్కడి నుంచి మొదలైంది నా పరేషాన్. తిండి ఎంత పెట్టినా అవి పెరుగుతలెవ్వు. తవుడు పెట్టిన, నూకలు పెట్టిన, ఉడికిచ్చిన గుడ్డు పెట్టిన. కాల్వల పొంటి నడుములు వంగేటట్టు నత్తలు ఏరుకొచ్చి చితకగొట్టి పెట్టిన. నా మనుమనికి కూడ గంత సేవ చెయ్యలే. నెలైనంక చూస్తె కాళ్లు పొడుగైనయ్, మెడ పొడుగైంది, పెయ్యి మాత్రం పిడికెడే. అక్క బాతులు గా వయసుకు గునగున నడుస్తయ్, పొట్ట నేలకు రాస్తది. నావి ఎండిపోయి బడికి పోయే పోరగాండ్ల లెక్క నిక్కి నిక్కి చూస్తున్నయ్.

దాణా దుకాణపాయన మీదికి పోయిన. ఇసుక కలిపినవా, పొట్టు కలిపినవా అని నిలదీసిన. ఆయన నన్ను దుకాణం ఎనుకకు తీస్కపోయి, అదే దాణా తినే తన కోళ్లను చూపెట్టిండు. ఒక్కోటి మేకపిల్ల గంత ఉన్నది. గయ్యి చూసినంక నాకు ఇంకింత మండింది. కోళ్లకు వేరే దాణా ఏస్తున్నవ్ అని అనుమానం పెట్టుకొనే ఇంటికొచ్చిన.

తర్వాత పశువుల దవఖానకు పోయిన. కంపౌండరు మంచోడే, బాతులను గంపల తెండ్రి, చూస్త అన్నడు. గంప నెత్తిన పెట్టుకొని బజారుల ఎవరు నడుస్తరు? చూసుడెందుకు, నేను చెప్త, నువ్వు రాసుకో అన్న. ఏం జాతి అని అడిగిండు. మా అక్క జాతి అన్న. ఆయన ఒక పారి నన్ను చూసి, ఏదో బలం మందు చుక్కలు రాసిచ్చిండు. నీళ్లల్ల కలిపి పోసిన. ఆరు బాతులకు హుషారు పెరిగింది గని, తూకం పెరగలే.

ఇగ నేనే ఆలోచించి పట్టిన, రోగం ఎక్కడున్నదో. కోడి పెంపకం. తల్లి కోడాయె, ఎంత పెరగాల్నో దాన్ని చూసే నేర్చుకుంటున్నయ్. కోడిని తీస్కపోయి సమ్మక్కకు వాపస్ ఇచ్చిన. నీ కోడి నా బాతులను పాడుచేసింది అని కూడ అన్న. ఆమె అంతకాడికి మా అవ్వగారు ఇచ్చిన కోడిని ఏమనకు అన్నా అని మూతి ముడుచుకున్నది. కోడి పోయినంక గూడ బాతులు బుద్ధి మార్చుకోలే. ఎగిరి ప్రహరీ గోడెక్కి వరుసగ కూసున్నయ్. చూసిన్రా, కోడి బుద్ధులు ఎంత గట్టిగ అంటినయో అని సరోజనకు చూపెట్టిన.

ఆ వారంలనే సమ్మక్క మల్ల వచ్చింది. నాతోని మాట్లాడకుంట సీదా వంటింట్లకు పోయి సరోజనతోని గుసగుసలు పెట్టింది. సంగతేందంటె, ఆమె బిడ్డ పొద్దుగాల కాలేజీకి పోతుంటె మా వాకిట్ల కెళ్లి ఎవలో ఈల వేస్తున్నరట. రోజూ వేస్తున్నరట. మా వాకిట్ల ఆ టైంకు ఉండేది నేనొక్కన్నే. అరవై ఒక్క ఏండ్ల మనిషిని, పండ్లు నాలుగు కట్టించుకున్నోన్ని, ఈల వేసుడు కాదు, చాయ్ ఊదుకుందామన్న గాలి నిలువదు. సరోజన నన్ను ఎగాదిగా చూసింది. ఒట్టు పెట్టిన. పిల్లల మీద పెట్టిన. అన్నం పెట్టింది గని, ఆ పూట నాతోని మాట్లాడలే.

తెల్లారి పొద్దుగాల ఇద్దరం కిటికీ ఎనుక నిలబడి చూసినం. ఈల వేస్తున్నది బాతులే. క్వాక్ అననే అనవు, మెడ నిక్కబెట్టి సన్నగ, తియ్యగ ఈల వేస్తున్నయ్. నా మీద మచ్చ పోయిందని సంబురపడాల్నా, నా బాతులకు గొంతు గూడ సరిగ ఎదగలేదని ఏడ్వాల్నా? నేను ఏడ్పే ఎంచుకున్న. ఫోన్ తీసి అక్కను తిట్టిన. నీది రోగిష్టి జాతి, నా నెత్తిన కట్టినవ్, ఎదగవు, అరవవు, దసరా దగ్గరికొచ్చింది, నా గతేంది అన్న. అక్కకు గూడ నా లెక్కనే ముక్కు మీద కోపం. నా బాతులను అనేటోడు ఇంకా పుట్టలే, నేనే వచ్చి చూస్త అని ఫోన్ పెట్టేసింది.

దసరా ముందటి రోజు పది గంటలకు తిరుపతి వచ్చిండు. చేతులు ఊపుకుంట రాలే. దుకాణంల స్టీలు బిందెలు తూచే డిజిటల్ కాంటా ఆటోల ఏసుకొని వచ్చిండు. వాకిట్ల స్టూలు మీద పెట్టి, కాంటాకున్న నీటిబుడగ నడుమకు వచ్చేదాక సమానంగ సర్ది, కానియ్ బావా అన్నడు. గోడవతల సమ్మక్క, ఆమె బిడ్డ నిలబడ్డరు. సరోజన కొంగు చెక్కుకొని గడపల కూసున్నది. నా దుకాణం బతుకు గా కాంటా మీదున్నదని అందరికి తెలుసు.

మొదటి బాతును పట్టి పెట్టిన. అంకెలు అటిటు ఉరికి నాలుగు వందల డెబ్బై గ్రాముల కాడ ఆగినయ్.

"నీ కాంటా మోసం" అని బాతును ఎత్తి చంకల పెట్టుకున్న. బిందెలు తూచేది గట్లనే, జనాన్ని ముంచుతున్నవ్, గీ కాంటాకు రోగమున్నది అని ఒక్క మాట కాదు, నోటికొచ్చినన్ని అన్న. తిరుపతి జేబుల కెళ్లి అరకిలో తూకంరాయి తీసి కాంటా మీద పెట్టిండు. అంకెలు ఐదు వందలు చూపెట్టినయ్. రాయి తీసి పక్కన పెట్టి, ఇంకోటి పట్టు బావా అన్నడు.

రెండో దాన్ని పెట్టిన. అది కాంటా మీద నిలబడి మెడ తిప్పి నన్ను చూసి రెక్కలు విప్పింది. అంకెలు నాలుగు వందలు అన్నయ్, రెండు వందలు అన్నయ్, ముప్పై అన్నయ్. సున్న వచ్చింది. బాతు కాంటా మీద లేదు. మా నెత్తుల మీది కెళ్లి, సమ్మక్క డాబా మీది కెళ్లి ఈల వేసుకుంట పోయింది. గోడ మీదున్న నాలుగు దాని ఎంట లేచినయ్. నా చంకల ఉన్న మొదటిది ఒక్క తన్ను తన్ని అది గూడ పాయె. ఆరు కలిసి ఒక పారి మా ఇంటి చుట్టు తిరిగి గోదారి దిక్కు మళ్లినయ్. గంత మంచిగ ఎగురుడు ఎప్పుడు నేర్చినయో నాకు తెల్వది.

గా టైంకే మా అక్క గేటు తీసుకొని లోపటికొచ్చింది. చేతుల సంచి పట్టుకొనే మీదికి చూసింది. కొట్లాడుదామని వచ్చిన మనిషి కోపం మొత్తం మరిచిపోయింది.

"తమ్మీ, గవి నా బాతులు కావుర. చెరువుల ఈలపిట్టలు గవి. గంతకన్న ఎక్కువ పెరగవు."

నేను మూడు నెలలు అడవి పక్షి గుడ్లు తెచ్చి, పొదిగేసి, నత్తలు మేపి, బలం మందు తాపి, అవి మంచిగనే ఎదుగుతుంటె ఎదగలేదని ఊరంత తిరిగి కొట్లాడిన. ఆ తల్లి పక్షి గడ్డిల ఎంత ఎతుక్కున్నదో ఏమో. నాకు గప్పుడు నిజంగనే సిగ్గైంది. గీ మాట గట్టిగ అనలే గని, మీకు చెప్తున్న.

సరోజన నవ్వుతదనుకున్న. నవ్వలే. లేచి వచ్చి నా భుజం మీద పడ్డ ఈక తీసేసింది.

"పోనియ్ అయ్యా. ముప్పై రెండేండ్లు భూమి కిందికి దిగినోనివి, ఎగిరేటి వాటి సంగతి నీకెట్ల తెలుస్తది" అన్నది.

గంత మంచి మాట ఆమె నన్ను అని ఎన్నేండ్లయిందో. గందుకే గొడవ పెట్టుకోబుద్ధి కాలే. ఎవలకు పుట్టిన పిల్లలైతేంది, పెంచింది నేనే, ఆరింటికి ఆరు బతికినయ్ అని వాదిద్దామనుకున్న. వాదించలే. పండుగ నాడు జమ్మి చెట్టు కాడ అలయ్ బలయ్ తీసుకొని, తెల్లారి టిఫిన్ డబ్బా పట్టుకొని తిరుపతి దుకాణానికి పోయిన. మాట అంటె మాటనే.

తిరుపతి స్టూలు తుడిచి కూసోబెట్టిండు. ఎక్కిరియ్యలే. గదే నాకు ఎక్కువ మండింది. పది నిమిషాలకు బోణి బేరం వచ్చింది. ఒకామె పెద్ద స్టీలు గిన్నె, సర్వ, చేతుల పట్టుకొని, పెద్దయ్యా, గిది అడుగు మాడుతదా అని నన్నే అడిగింది. సర్వ తీసుకొని తిరగేసిన, వేలుతోని కొట్టి సప్పుడు విన్న. ముప్పై ఏండ్లు మాడదు అనే మాట నాలుక చివరిదాక వచ్చింది. వచ్చినదాన్ని మింగిన. నా జీవితంల మొదటిసారి, నాకు తెల్వదమ్మా, తెలిసినోళ్లను అడగాలె అన్న.

ఆమె సర్వ కింద పెట్టి, రోడ్డు దాటి ఎదురు దుకాణానికి పోయింది. తిరుపతి ఆమె పోయిన దిక్కు చాలాసేపు చూసి, మెల్లగ నా దిక్కు తిరిగిండు.

"బావా, గిన్నేండ్లు తెల్వనియన్ని తెలుసు తెలుసన్నవ్. గీ ఒక్క సర్వ తెలుసంటె నీ సొమ్మేం పోయింది?"