నేను చెయ్యని ఫోన్

కొన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. చాలా చిన్న మాట. "అడిగిన." అంతే. ఆ మాట అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

సిరోంచ పక్కన, ప్రాణహిత ఒడ్డున మా ఊరు. బడిలో పనిచేసి రిటైరయ్యాను. అందరూ గురూజీ అంటారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. వాన, నది, చావు, పెళ్లి, ఏదీ వదలను. గురూజీ రాసిండంటే నిజమే అని ఊళ్లో పేరు. మేం మాట్లాడేది తెలుగే అయినా మా వైపు సర్కారు భాష మరాఠీ. ఫోన్లలోకి మరాఠీలో ఏ మెసేజ్ వచ్చినా, చదవలేనివాళ్లు నా అరుగు దగ్గరికే తెస్తారు.

ఒకసారి ఆనకట్ట తెగిందన్న మెసేజ్ చదివి ఊరంతా లేపాను. జనం వడ్ల బస్తాలు మోసుకుని బడిలోకి చేరారు. చుక్క నీరు రాలేదు. "గురూజీ వరద" అని చాలాకాలం నవ్వారు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏది వచ్చినా ముందు తహసీల్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి. ఈ పద్ధతి ఊరందరికీ తెలుసు.

ఒక వానాకాలం మధ్యాహ్నం రాజవ్వ వచ్చింది. నది పక్కనే ఆమె చేను, చేను గట్టునే బర్రెల కొట్టం.

"గురూజీ, ఇది జర సూడుండ్రి. పొద్దటి నుంచి అందరి ఫోన్లల్ల ఇదే. ఏందట?"

పైన వానలు బాగా పడ్డాయి, నది పొంగుతుంది, పశువులను మెరకకు తోలుకోండి అని ఉంది. కింద ఆఫీసు పేరు లేదు. రాతంతా తప్పులే. చివర దండం పెట్టే చేతుల బొమ్మలు. చూడగానే దొంగ మెసేజ్ అనుకున్నాను.

"ఏం లేదు పో. ఉత్తదే."

"ఆఫీసుల అడిగిండ్రా? మల్ల మీ వరద లెక్క గాదు గద?" అని నవ్వింది.

ఆ నవ్వు గుచ్చుకుంది.

"అడిగిన. అసొంటిదేం లేదన్నరు."

"గట్లయితే ఇగ బర్రెలను ఆడ్నే కట్టేస్త."

నేను అడగలేదు. ఫోన్ నా పక్కనే ఉంది. ఎందుకు చెయ్యలేదు? బద్ధకమా? కాదు. దొంగదని నాకు ముందే తెలుసనుకున్నాను. తెలిసినదాన్ని మళ్లీ అడగడమెందుకు అనుకున్నాను. అనుమానించడం నేర్చుకున్నవాణ్ణి, నా అనుమానాన్ని మాత్రం అనుమానించలేదు.

తెల్లారేసరికి చేను లేదు, నీళ్లున్నాయి. నీళ్లు తగ్గాక చూస్తే రెండు బర్రెలూ గుంజ దగ్గరే పడి ఉన్నాయి. పలుపు తెగలేదు. నా మాట మీద గట్టిగా కట్టింది.

రాజవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. "గురూజీ అడిగిండు. ఆఫీసోళ్లే అబద్ధమాడిండ్రు" అని వాళ్లను శాపనార్థాలు పెట్టింది. పక్కనే నిలబడి విన్నాను. తల కూడా ఊపాను. ఫోన్ చెయ్యకపోవడం కంటే ఆ తల ఊపడమే పెద్ద తప్పేమో.

అప్పటి నుంచి ఎవరు "కనుక్కున్నాం" అన్నా నమ్మబుద్ధి కాదు. టీవీలో అరిచేవాడు, కమలాపూర్ అడవి క్యాంపులోని ఏనుగు తప్పించుకుని ఇటే వస్తోందని వీడియో పంపేవాడు, అందరి వెనకా ఎవరూ ముట్టని ఫోన్ ఒకటి కనిపిస్తుంది. ఈ రోజుల్లో ఏది నిజమో తెలియడం లేదంటారు. తెలియకుండా చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కదా?

మొన్నటి వానలకు ఆఫీసువాళ్లే జీపులో వచ్చి మైకులో చెప్పారు. రాజవ్వ కదల్లేదు.

"వాళ్ల మాటకే నా బర్రెలు పోయినయ్. మీరు చెప్పుండ్రి గురూజీ, తోల్త."

చెప్పాను. వెంటనే, ఆ తర్వాత కొనుక్కున్న ఒక్క బర్రెను మెరకకు తోలింది. నీళ్లు కొట్టం లోపలి దాకా వచ్చాయి. పొద్దున గిన్నెలో పాలు తెచ్చింది.

"మీ మాట లేకుంటే ఇది గూడ పోతుండె."

నేను పోయాక ఎవరి మాట విని తోలుతుంది?

ఆ గిన్నె నా ముందే ఉంది. పాల మీద మీగడ కట్టింది. తాగలేదు, పారబొయ్యలేదు. ఆమెకు చెప్తానా? చెప్తానంటే మీరు నమ్మకండి. ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికైంది, ఆ తేలికను కూడా నేను నమ్మడం లేదు. నా మాటల్లో మీరు నమ్మవలసింది ఒక్కటే. ఆ రోజు నేను ఫోన్ చెయ్యలేదు.